మూడో రోజు బిస్కెట్లు

సాయన్న పోయిన మూడో రోజు, పొద్దున్నే కోడలు భాగ్యశ్రీ వంటింట్లో చేరి బిస్కెట్లు చేయడం మొదలుపెట్టింది. చుట్టాలంతా మటన్ కూర సంగతి, కల్లు సంగతి మాట్లాడుకుంటుంటే ఈమెకు ఈ బిస్కెట్ల గోలేమిటని అందరికీ విడ్డూరమే.

చేయక ఏం చేస్తుంది? పిట్టకు, అంటే కాకికి, పెట్టేటప్పుడు పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ పెట్టాలి. సాయన్నకు మటన్ ఇష్టమే, కల్లూ ఇష్టమే. కానీ ముసలితనంలో ఆయన ప్రాణమంతా చాక్లెట్ బిస్కెట్ల మీదే ఉండేది. అవే, రెండు నల్లబిళ్లల నడుమ తెల్ల క్రీము ఉండేవి. బిళ్లలను మెలితిప్పి విడదీసి, ముందు క్రీమంతా నాకి, ఆ తర్వాతే నమిలేవాడు. మీసాలకు అంటినా పట్టించుకునేవాడు కాదు.

ఆ సంబరాన్ని ఆపింది భాగ్యశ్రీయే. షుగరు ముదిరి కాలివేలు తీసేశాక డాక్టరు గట్టిగా చెప్పాడు. మొగుడు నగేశ్ పొద్దున ఆఫీసుకు పోతే మళ్లీ సాయంత్రానికే వచ్చేవాడు. ఇక కాపలా అంతా ఆమెదే. చక్కెర డబ్బా పై అర ఎక్కింది. సాయన్న చాయ్ చప్పబడింది.

"నువ్వు కోడలివి కాదు బిడ్డా, పోలీసువు" అని మామ నవ్వేవాడు.

చివరిరోజు మాత్రం నవ్వలేదు. "నోరంత చేదుగుంది బిడ్డా. ఒక్క బిస్కెట్ ఇయ్యి" అన్నాడు.

"రేపు దవాఖానల షుగర్ చూపిచ్చుకొని వచ్చినంక ఇస్త మామా" అంది భాగ్యశ్రీ. తెల్లారేసరికి ఆయన లేడు.

అప్పటినుంచి ఆమెకు మెతుకు సయించడం లేదు. ఎవరితోనూ చెప్పుకోలేదు. పిట్ట వచ్చి ఆ బిస్కెట్ తింటే చాలు, మామకు తన మీద కోపం లేనట్టే అనుకుంది. కాకికి ఇంత బరువు పెట్టడం అన్యాయమే గానీ, ఆమెకు అడగడానికి మనిషి మిగల్లేదు మరి.

దుకాణంలో ప్యాకెట్ కొని తేవడం ఎంతసేపు? కానీ సాయన్న చెల్లెలు పోచవ్వ ఒప్పుకోలేదు. "కొన్నయి పెట్టద్దు బిడ్డా. మనింట్ల పొయ్యి మీద చేసినయే పెట్టాలె. రుచి జూస్తనని నోట్ల ఏసుకునేవు, ఎంగిలైతది" అని ముందే హెచ్చరించింది.

భాగ్యశ్రీ ఫోన్లో వీడియో పెట్టుకుని మైదాలో కోకో పొడి, వెన్న కలిపి పిసికింది. చక్కెర మిక్సీలో పొడి చేసింది. పెద్ద గిన్నెలో ఉప్పు పోసి కాగనిచ్చి, పైన పళ్లెంలో బిళ్లలు పేర్చి మూత పెట్టింది. మొదటి వాయి మాడి ఇల్లంతా కమురు కంపు. రెండో వాయి బాగానే వచ్చింది. క్రీమే సతాయించింది. ఎంత గిలక్కొట్టినా జారిపోతుంటే పాలపొడి వేసి గట్టిపరిచింది. విరిగినవి ఇంట్లో ఉంచి, మంచివి ఏరి విస్తరిలోకి తీసుకుంది.

బీర్కూర్ రోడ్డులోని వాళ్ల పొలంలో, సాయన్నను మట్టి చేసిన చోట విస్తరి పెట్టి అందరూ దూరంగా నిలబడ్డారు. కాకి వచ్చింది. విస్తరి చుట్టూ గెంతింది. బిస్కెట్‌ను ముక్కుతో ఒకసారి కదిలించి, వదిలేసి, మటన్ ముక్క ఎత్తుకుని ఎగిరిపోయింది.

"ముట్టిందిరా! అన్న మనసు నిమ్మలమైంది. ఇగ పాండ్రి" అంది పోచవ్వ. అందరూ తేలికపడి కదిలారు. భాగ్యశ్రీ ఒక్కతే ఆ బిస్కెట్ వంకే చూస్తూ నిలబడింది. వెనక్కి చూడొద్దని పోచవ్వ ఆమెను చెయ్యి పట్టి తీసుకుపోయింది.

ఇంటికొచ్చి స్నానాలయ్యాక నగేశ్ వంటింట్లోకి వచ్చి, విరిగిన బిస్కెట్ ఒకటి తీసి కొరికాడు. నమిలి, చేతిలో మిగిలిన ముక్క వంక చూశాడు.

"బాపు చాయ్ లెక్కనే ఉందిగదనే" అన్నాడు.

భాగ్యశ్రీ అతని చేతిలోని ముక్క లాక్కుని తిన్నది. చప్పగా ఉంది. మిక్సీ జార్ మూత తీసి చూసింది. చక్కెర పొడి సగానికి పైగా అలాగే ఉంది. క్రీము ఎందుకు జారిందో అప్పుడు తెలిసింది. మామ తినే వంట కదా, చెయ్యి తన అలవాటు ప్రకారం చక్కెర తగ్గించి వేసింది.

ఆమె జార్ పట్టుకునే పోచవ్వ దగ్గరికి ఉరికింది. "చిన్నమ్మా, మళ్ల చేస్త. రేపు మళ్ల పెడుదం."

"పిట్ట ముట్టినంక మళ్ల పెట్టరు బిడ్డా" అంది పోచవ్వ. "ఆయన పాయె ఇగ."

భాగ్యశ్రీ అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది. వెనకే వచ్చిన నగేశ్ ఏమైందని అడిగాడు.

"సచ్చినంక గూడ మీ బాపుకు చక్కెర తక్కువేసి పెట్టిన" అని ఏడ్చింది.