తోక వెనక గోడ

విమానం తోకలో, చుక్కాని కేబుల్ వదులవ్వకుండా చుట్టే లాక్ వైరు కొత్తగా మెరుస్తోంది.

అక్క టార్చిలైటు ఇంకా దగ్గరగా పెట్టి చూసింది. ఆ షెడ్డులో అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. ఆమె సంతకం పడందే ఏ విమానమూ గడప దాటదు. ఈ చిన్న విమానాన్ని పది గంటలకు నడపబోయేది ఆమె సొంత తమ్ముడు. గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. బయట అడ్డగాలి విసురుగా కొడుతోంది.

రిజిస్టరు తిరగేసింది. నిన్నటి పని ముందు చక్రం మార్పు, అంతే. తోక ఊసే లేదు. మరి ఈ వైరు ఎవరు బిగించారు?

నిన్న సాయంత్రం తోక కింద వంగి, ఏదో ఏరి జేబులో వేసుకున్న మనిషి కళ్ల ముందు మెదిలాడు. ఓడాయన. ఇరవై ఏళ్లు ఓడల మరమ్మతు చేసి, నాలుగు నెలల క్రితం ఇక్కడ చేరాడు. టీ గ్లాసు చేతికొస్తే చాలు, చుక్కాని పురాణం విప్పుతాడు. మొదట్లో పడవ పక్కన తెడ్డు కట్టి తిప్పేవాళ్లట. తర్వాత దాన్ని వెనక్కి తెచ్చి కీళ్ల మీద వేలాడదీశారట. "మీ విమానం తోకకీ అవే కీళ్లు. నీళ్లు పోయి గాలి వచ్చింది, అంతే తేడా" అంటాడు. ఇన్నాళ్లూ నవ్వుకుంటూ విన్న ఆ మాట ఇవాళ చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

నేరుగా అతని బల్ల దగ్గరికి వెళ్లింది.

"జేబులో ఏముంది మేస్త్రిగారూ?"

అతను తడబడలేదు. నాలుగు పాత వైరు ముక్కలు తీసి బల్ల మీద పెట్టాడు. "తోక కింద దొరికాయి. తెగిన ముక్క ఎక్కడిదో తేలేదాకా పారెయ్యకూడదు. ఓడల్లో అలవాటు."

"తోక పని మీరు చేశారా?"

"లేదు."

"మరి?"

అతని చూపు ఆమె భుజం మీదుగా వెళ్లింది. వెనక బాబాయి నిలబడి ఉన్నాడు. ఆమెకు సొంత బాబాయే, షెడ్డుకు పెద్ద మెకానిక్. ఆమెకు పానా పట్టుకోవడం నేర్పిందీ ఆయనే.

"పొద్దున్నే ఏంటమ్మాయ్, పోలీసు ఉద్యోగం మొదలెట్టావ్?" అన్నాడు బాబాయి. "అంత అనుమానమైతే ఎక్కి పెడల్ తొక్కు. చూసి చెప్తా."

ఆమె ఎక్కింది. ఎడమ పెడల్ తొక్కింది.

"ఎడమ" అని కేకేశాడు బాబాయి.

కుడి తొక్కింది.

"కుడి. ఇంకేం కావాలి? పెట్టెయ్ సంతకం."

మనసు తేలికైంది. దిగి కలం తీసింది. తమ్ముడు అప్పటికే హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చేశాడు.

"అక్కా, కానివ్వు. గాలి పెరిగితే నన్ను ఎగరనివ్వరు."

"ఒక్క మాట" అన్నాడు ఓడాయన మెల్లగా. "ఆయన ఎక్కడ నిలబడి చూశారో అడుగు."

బాబాయి మొహం మాడిపోయింది. "ఉప్పునీళ్లు తాగినోడివి, నువ్వా నాకు చెప్పేది?"

అక్క తోక వైపు చూసింది. మరో విమానానికి చోటివ్వడానికి దీన్ని వెనక్కి నెట్టారు. తోకకీ గోడకీ జానెడు సందు. వెనక మనిషి పట్టడు. అంటే బాబాయి రెక్క పక్కన, ముక్కుకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆయన చెప్పిన ఎడమ ఆయన ఎడమే. విమానానికి అది కుడి.

"ఓడలో మనిషి ఎటు తిరిగినా ఓడ ఎడమే ఎడమ" అన్నాడు ఓడాయన. "మొదటిరోజే బుర్రకెక్కిస్తారు."

"ముందుకు తొయ్యండి" అంది అక్క.

నలుగురూ కలిసి తోశారు. తమ్ముడు ఎక్కి కూర్చున్నాడు. ఆమె వెళ్లి తోక వెనక, ముక్కుకేసి తిరిగి నిలబడింది.

"ఒరేయ్, ఎడమ తొక్కు."

చుక్కాని కుడికి తిరిగింది.

ఎడమ కేబుల్, కుడి కేబుల్ తారుమారయ్యాయి. ఈ అడ్డగాలిలో ముక్కు పక్కకు జారితే తమ్ముడు సరిచేయబోయేవాడు. ఎంత సరిచేస్తే అంత పక్కకు జారి, రన్‌వే పక్కనున్న పెట్రోలు ట్యాంకు మీదికి దూసుకుపోయేవాడు.

తమ్ముడు కాక్‌పిట్‌లోంచి మెడ చాచి చూశాడు. హెల్మెట్ చేతిలోంచి జారింది.

"కేబుళ్లకి పోగులు లేచాయి, రెండూ మార్చాను" అన్నాడు బాబాయి, నేల చూపులు చూస్తూ. "రాస్తే రెండో మనిషి తనిఖీ చేయాలి. నువ్వు మీటింగులో ఉన్నావు. వాడి ప్రయాణం ఆగిపోతుందని... ఇంట్లో మనుషులం కదమ్మా, నిన్నటి తేదీతో ఇప్పుడు రాసేద్దాం."

ఆమె ఇవాళ్టి తేదీతోనే రాసింది. బాబాయి పేరు పూర్తిగా రాసింది. చుక్కానికి, ఎగరకూడదని చెప్పే ఎర్రచీటీ కట్టింది.

తర్వాత ఓడాయన దగ్గరికి వెళ్లింది. క్షమాపణ నోటిదాకా వచ్చి ఆగింది. గోడకు తోకలు ఆనించి, వరసగా ఇంకో మూడు విమానాలు నిలబడి ఉన్నాయి.

"బాబాయ్" అంది వాటినే చూస్తూ. "ఈ నెలలో వాటి తోకలు ఎవరు విప్పారు?"

బాబాయి చూపు ఆ మూడు తోకల మీదికీ వెళ్లి, మళ్లీ నేలకు దిగింది.

ఓడాయన చేతులు తుడుచుకుని, మొదటి విమానాన్ని ముందుకు తోయడానికి భుజం ఆనించాడు.