తెక్లే బరువు

గడప దగ్గరికి వచ్చేసరికి తెక్లే బరువెక్కిపోయేది. మంచం దిగి, పాలు తాగి, బూట్లు తొడుక్కునేదాకా నాలుగేళ్ళ పిల్లలందరిలాగే ఉండేది. తలుపు తియ్యగానే మాత్రం తిరగలి రాయిలా నేలకి అతుక్కుపోయేది. లాగినకొద్దీ ఇంకా బరువు.

“మా పెద్దాడూ ఇంతే, ఆరేళ్ళొచ్చేదాకా,” అంది పక్కింటి జుజునా. ఊరి రోప్‌వే నడిపేది ఆవిడే. “తొందరపెట్టకే ఖాతునా. ముందు ఏం జరుగుతుందో, తర్వాత ఏం జరుగుతుందో చెప్పు. అదే తేలికవుతుంది.”

ఖాతునా అలాగే చెప్పేది. “ముందు పిల్లికి టాటా చెబుదాం. తర్వాత రోప్‌వే ఎక్కుదాం. తర్వాత బడి. అక్కడ నువ్వు పడుకుని లేచేసరికి నేను గేటు దగ్గరుంటా.” మాట మాటకీ పిల్ల కాస్త కాస్త తేలికయ్యేది. చివరికి తనే తల్లి వేలు పట్టుకుని గడప దాటేది.

బడి లోయకి అవతల. తీగకి వేలాడే పాత ఇనప పెట్టెలోనే రాకపోకలు.

ఆ గురువారం గాలి విసురుగా ఉంది. ఖాతునాకి రాత్రి కంటిమీద కునుకు లేదు. శనివారం బస్సెక్కి గ్రీసు వెళ్ళాలి; అక్కడెవరో మంచాన పడ్డ ముసలావిణ్ణి చూసుకునే పని. గనిలో మొగుడు పోయాక ఇంకో దారి కనిపించలేదు. పిల్ల నిద్రలో ఉండగా వెళ్ళిపొమ్మంది ఖాతునా తల్లి. తెక్లేకి ఇంకా చెప్పలేదు.

పెట్టెలో వాళ్ళిద్దరే. లోయ నడిమికి వచ్చాక తెక్లే అడిగింది.

“బడి తర్వాత?”

“నేనొస్తా.”

“రేపు?”

“రేపూ వస్తా.”

“ఆ తర్వాత?”

“ఎప్పుడూ నేనే వస్తా తల్లీ.”

కాళ్ళకింద రేకు కిర్రుమంది. పెట్టె ఆగిపోయి, మెల్లగా కిందికి దిగడం మొదలైంది. గోడకున్న ఫోను మోగింది.

“తీగ సాగిపోతోందే!” జుజునా అరిచింది. “ఏం చెప్పావు పిల్లకి?”

“ఏం లేదక్కా!”

“ఏదో చెప్పే ఉంటావు. దాన్ని తేలిక చెయ్యి, నీకు దణ్ణం పెడతా!”

“ఏం కాదమ్మా, చూడు, సాయంత్రం జున్ను రొట్టె చేసుకుందాం,” అంది ఖాతునా. పెట్టె ఇంకా దిగింది. కింద ఏటి హోరు దగ్గరైంది. పైన తీగలో ఒక పోగు టంగుమని తెగింది. తెక్లే తల్లి కళ్ళలోకే చూస్తోంది.

ఖాతునా పిల్ల ముందు మోకాళ్ళమీద కూర్చుంది.

“శనివారం నేను వెళ్ళిపోతున్నా తల్లీ. చాలా దూరం. నువ్వు అమ్మమ్మ దగ్గరుంటావు. మళ్ళీ ఎప్పుడొస్తానో నాకే తెలీదు. నీకు చెప్పాలంటే భయమేసింది.”

తెక్లే గుక్కపెట్టి ఏడ్చింది. ఖాతునా ఏడవద్దనలేదు. ఒళ్ళోకి తీసుకుంది. పిల్ల ఏడుస్తున్నంతసేపూ పెట్టె అంగుళం అంగుళం పైకి లేచింది. తర్వాత కదిలి, అవతలి గట్టు చేరింది.

శనివారం పొద్దున బస్సు చౌక్‌లో ఆగింది. తెక్లే మెలకువగానే ఉంది, అమ్మమ్మ పక్కన నిలబడి. డ్రైవరు సంచి పైన వేశాడు. ఖాతునా ఎక్కబోయింది. కాలు లేవలేదు. డ్రైవరు పైనుంచి లాగాడు, క్లీనరు వెనకనుంచి తోశాడు. ఆమె కింద బండ పగిలింది.

“ప్రతిసారీ ఒకరిద్దరు ఇలాంటోళ్ళు తగులుతారు,” అన్నాడు డ్రైవరు చెమట తుడుచుకుంటూ.

తెక్లే వచ్చి తల్లి వేలు పట్టుకుంది. “ముందు బస్సెక్కుతావమ్మా. తర్వాత?”

ఖాతునా పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఇక్కడే ఉంటే తినేదేమిటే?” అంది అమ్మమ్మ, తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుని.

“తెలీదమ్మా. నాకూ భయంగానే ఉంది,” అంది ఖాతునా.

డ్రైవరు సంచి దింపి ఆమె పక్కన పెట్టాడు. బస్సు కదిలింది. లోపల కూర్చున్న ఆడవాళ్ళ బరువుకి దాని అడుగు రోడ్డుకి రాసుకుంటూ, నిప్పురవ్వలు రాలుస్తూ మలుపు తిరిగింది.

ఆ చప్పుడు పూర్తిగా ఆగాక ఖాతునా కుడికాలు ఎత్తడానికి చూసింది. కాలు లేచింది.