గడుల మీద పసుపు

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మా అమ్మ అమ్మన్నమ్మ. ఆవిడ తమ్ముడు కన్నారావు మావయ్యదీ అదే రక్తం. కొన్నేళ్ల కిందట అమ్మమ్మ సంవత్సరీకంలో వంటవాణ్ణి ఎవరు కుదర్చాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఇద్దరూ మాట్లాడుకోవడమే మానేశారు. ఆయన మద్రాసులో ఉంటే, మేము రాయగడలో కిరాణా కొట్టు నడుపుతున్నాం. ఇంతలో, 1998లో, నా పెళ్లి కుదిరింది.

మేనమామ బుట్టలో ఎత్తుకు రాకుండా పెళ్లికూతురు పీటల మీదికి ఎలా వస్తుంది? మావయ్య పక్కింటివాళ్లకి ఫోన్ చేసి ఆయన్ని పిలవమని నేనంటే అమ్మ వినలేదు. "ఫోన్లో పిలవడానికి ఇదేటి, టీకి పిలుపా? శుభలేఖ ఎల్తాది. వస్తే వస్తాడు, నేకపోతే నేదు" అంది. పైకి అలా అన్నా, కవరు మీద అడ్రసు తనే రాసి, నాలుగు మూలలా పసుపు దట్టంగా పూసి పోస్టు చేసింది.

పెళ్లికి వారం ముందు వచ్చిన అన్నయ్య గిరీష్ మిగిలిన కవర్లు చూసి తల పట్టుకున్నాడు.

"మావయ్య కవరుకీ ఇలాగే పూసేవా? పిన్‌కోడ్ గడుల మీద?"

"మూలకి పూయక నడిమజ్జన పూస్తారేటి?"

కాలేజీ రోజుల్లో వాడు మద్రాసులో ఉత్తరాలు వేరుచేసే యంత్రాన్ని చూసొచ్చాడు. "అది గడుల్లో అంకెలు సదివి కవరు అడుగున గీతలు అచ్చేస్తాదమ్మా. ఆ గీతల్ని బట్టే ఏ పేటకి ఏ ఉత్తరమో ఏరవుతాది. అంకెలే కనబడకపోతే అదేటి సదువుతాది?"

"పసుపు నేని కవరెల్తే సావు కబురనుకుంటాడురా" అంది అమ్మ. తరవాత గొంతు తగ్గించి, "పక్కింటికి ఫోన్ సేసి సూడు" అంది. వాడు ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. ఆయన రాకపోతే, అమ్మ పుట్టింటివాళ్లెవరూ లేనిదానిలా నలుగురిలో నిలబడాలి.

పెళ్లినాటి పొద్దున్నే మావయ్య రిక్షా దిగాడు. అన్నయ్య కాళ్లకి నీళ్లివ్వడం కూడా మరిచి కవరు అడిగాడు. గడుల మీద పసుపు అలాగే ఉంది. అయినా అడుగున గీతలు పడ్డాయి.

"యంత్రానికి సదవడం రాకపోతే కవరు బొమ్మ తెర మీదకొస్తాది. ఎవరో అడ్రసు సూసి అంకెలు కొట్టేరు!" అంటూ అన్నయ్య గెంతాడు. ఆ ముఖం తెలియని మనిషికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

మావయ్య మాత్రం విసుక్కున్నాడు. "గీతలెవడు సూసేడ్రా? అప్ప సేతిరాత సూసి సింపేద్దావనుకున్నాను. పసుపు సూసి సెయ్యాగిపోనాది."

గుమ్మం వెనక ఉన్న అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. ముహూర్తం వేళకి మావయ్య బుట్ట ఎత్తాడు. నా బరువుకి ఒక్కసారి తూలాడు. అంతే, అమ్మ జనాన్ని తోసుకుంటూ పరుగున వచ్చి బుట్ట అంచు పట్టుకుంది.

"ఒరే సిన్నోడా, మెల్లగరా, నడుం పట్టేస్తాది!"

ఇన్నేళ్లకి తమ్ముడితో ఆవిడ అన్న మొదటి మాట అది. నేను బుట్టలోనే భోరుమన్నాను.