పొట్టేలుకి తలంటు

హలో, హలో... వినబడుతోందా అందరికీ? మా నారిన్ కొండల్లో సిగ్నల్ గాలివాటం, కాస్త చెవి దగ్గర పెట్టుకోండి. ఇవాళ ఒక తెలివైన వెధవ గురించి చెప్పాలి. చదువు లేనివాళ్ల మీద నాకు కోపం లేదు. నేనూ పశువైద్యం రెండేళ్లు చదివి మానేసినవాణ్నే.

మా పక్క గుడారం బుర్మకాన్ అక్కది. ఆమెకి సన్న ఉన్ని జాతి పొట్టేలు ఒకటి ఉంది. ఏటా మే నెలాఖరున, ఉన్ని కత్తిరించే ముందు, జిల్లా నుంచి షైర్‌గుల్ మేడమ్ వచ్చి మందలు పరీక్షిస్తుంది. ఆమె మొదటి రకం ముద్ర వేస్తే ఆ పొట్టేలు చుట్టుపక్కల మందలన్నిటికీ తండ్రి. వేయకపోతే మాంసం. పోయిన రెండేళ్లూ ముద్ర కొద్దిలో తప్పింది. వయసు మీరుతోంది కాబట్టి ఇదే ఆఖరి ఏడు.

సరిగ్గా అప్పుడే దిగాడు అక్క చెల్లెలి కొడుకు ఎల్దియార్. రాజధాని బిష్కెక్‌లో ఆరోగ్యం గురించి ఫోన్లో ఉపన్యాసాలిస్తాడట. వచ్చిన మొదటి పూటే పలావులో తోకకొవ్వు ముక్కలు ఏరి పళ్లెం అంచున పేర్చాడు, పురుగుల్ని ఏరినట్టు. మాంసానికి పెంచే కొవ్వుతోక గొర్రెలు తోకలో అంత కొవ్వు మోసేది శీతాకాలం గడ్డి దొరకనప్పుడు బతకడానికి. వీడికి అదీ తెలియదు.

పరీక్షకి ముందు రోజు మధ్యాహ్నం మంచు కలిసిన వాన పడింది. మిగతా గొర్రెలు ఒళ్లు దులుపుకుని మేతలో పడ్డాయి. మన పొట్టేలు మాత్రం తడిసిన బొంతలా వేలాడిపోయి వణుకుతోంది. ఉన్నిలోకి చెయ్యి పెట్టాను. తోలు దాకా చల్లటి నీళ్లు.

"ఏరా, దీనికేం చేశావు?"

"స్నానం చేయించాను బాబాయ్. ఎంత పసుపు, ఎంత కంపు! గిన్నెల సబ్బు మూడు సీసాలు పట్టింది. ఇప్పుడు చూడు, మల్లెపువ్వే."

"అది మురికి కాదురా, దాని గొడుగు! ప్రతి వెంట్రుక మొదట్లో ఊరే మైనం అది. నీళ్లకీ దానికీ పడదు, అందుకే వాన జారిపోతుంది. నీ సబ్బుకి ఒక కొస నీళ్లతో చుట్టరికం, ఇంకో కొస జిడ్డుతో. ఉన్న మైనమంతా నీళ్లలోకి లాక్కుపోయింది."

"కొవ్వే కదా బాబాయ్! పోతే పీడా పోయింది. నా ఒంట్లోంచైతే ఎప్పుడో తరిమేశాను."

"తరిమితే చచ్చుండేవాడివి. నీ ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉన్న గోడ కొవ్వుదే. కొవ్వు అణువులు రెండు వరసలుగా, తలలు నీళ్ల వైపు, తోకలు లోపలికి దాచుకుని నిలబడతాయి. ఆ గోడ లేకపోతే నువ్వు మనిషివి కావు, గిన్నెలో పులుసువి."

"అవన్నీ పాత పుస్తకాలు," అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే పొట్టేలే నయమనిపించింది, దానికి కనీసం చలి తెలుస్తోంది.

గుర్రం పాలు పితికి తిరిగొచ్చిన అక్క దాని ఒళ్లు తడిమి చూసింది. పొట్టేలుని గుడారంలో పొయ్యి పక్కన కట్టి, నమదాలు, అంటే ఉన్ని అదిమి చేసిన మందపాటి దుప్పట్లు, కప్పింది. అది బతికింది.

మర్నాడు ఉదయం షైర్‌గుల్ మేడమ్ వచ్చింది. పొట్టేలు భుజం మీద ఉన్ని విడదీసి, రెండు వేళ్లతో రుద్ది, వాసన చూసింది. వేళ్లు పొడిగా ఉన్నాయి.

"దీన్ని ఎవరు కడిగారు?"

ఎల్దియార్ బూట్ల వంక చూసుకుంటున్నాడు. నేను నోరు తెరవబోతే అక్క నా కాలు తొక్కింది.

"నేనే."

"ముప్పై ఏళ్లుగా మందలో బతుకుతున్నావు, నువ్వా?"

"బుద్ధి గడ్డి తింది మేడమ్."

మేడమ్ ఎల్దియార్ వంక ఒకసారి చూసింది. వాడు తలెత్తితే చాలు, ఒక్క మాట చాలు, ఏదో దారి చూసేదేమో. వాడు ఎత్తలేదు.

"ఒళ్లు బాగుంది, కొమ్ములు బాగున్నాయి. జిడ్డు లేని ఉన్నికి నేనేం రాయను?" అని కాగితం మీద అడ్డంగా గీత గీసి, అక్క ముఖం చూడలేక జీపెక్కింది.

తెలియక కడిగినందుకు వాణ్ని క్షమించేవాణ్నే. గంట గడిచాక అప్పుడు దొరికింది వాడికి నోరు: "పెద్దమ్మా, ఆ జిడ్డు మళ్లీ వస్తుందిలే, కదా?"

అక్క పొట్టేలు మెడ తాడు విప్పుతూ అంది:

"ఆగస్టుకి వస్తుంది నాయనా. నీకు సిగ్గెప్పుడొస్తుందో అది చెప్పు."

మీ ఇంట్లో కూడా కొవ్వు పేరెత్తితే ముఖం చిట్లించే మేధావి ఉంటాడు కదా? ఈ కథ వాడికి పంపండి. వాడు వినడు, వాళ్లమ్మకి కూడా పంపండి.