పరబ్రహ్మానికి ఎక్కించిన సీసా

పరబ్రహ్మాన్ని స్ట్రెచర్ మీద తెచ్చినప్పుడు నాకు జాలి కలగలేదు, పండగ చేసుకోవాలనిపించింది. చేసుకున్నవారికి చేసుకున్నంత!

హుస్సేనీ ఆలంలో మా గుడికి ధర్మకర్త ఆయన. మా నాన్న గోపాలకృష్ణ అక్కడి అర్చకుడు. కాలికి పుండు లేచి నాన్న చలిజ్వరంతో వణుకుతుంటే, "బ్రహ్మోత్సవాలైనంక పో దవాఖానకు" అన్నాడీయన. ఉత్సవాలయ్యేసరికి ఆ చీము రక్తంలోకి పాకి సెప్సిస్ అయింది. ముందు కిడ్నీలు పోయాయి, తర్వాత నాన్న పోయాడు. నేను కిడ్నీ డాక్టరునయింది ఆ కసితోనే.

ఇప్పుడు అదే సెప్సిస్ ఆయనకు. మూత్రం తగ్గిపోతోంది. సెప్సిస్ రోగుల కిడ్నీలను కాపాడుతుందేమోనని మా ఆసుపత్రిలో ఒక ఎంజైమును పరీక్షిస్తున్నాం. కిడ్నీలు దెబ్బతినడం మొదలైన తొలి గంటల్లోనే ఎక్కించాలి. ఆలస్యమైతే ఆ రోగిని పరీక్షలో చేర్చుకోం. అంటే నేను చేతులారా ఏమీ చేయనక్కర్లేదు, తాపీగా చాయ్ తాగితే చాలు.

"మేడమ్, మస్తు ఫికరైతాంది. గా కొత్త మందేదో బాపుకియ్యున్రి" అని కొడుకు వేణుమాధవ్ చేతులు జోడించాడు.

"చూద్దాం" అని చాయ్ తెప్పించుకున్నాను.

మొదటి గుక్కకే ఇంకో ఆలోచన వచ్చింది. చస్తే ఏముంది, సుఖపడిపోతాడు. బతకాలి. గోపాలకృష్ణ కూతురు పెట్టిన భిక్షతో బతుకుతున్నానని రోజూ కుమిలిపోవాలి. చాయ్ వదిలేసి పరిగెత్తాను. సగం మందికి ఎంజైము, సగం మందికి ఉప్పునీళ్లు, ఎవరికి ఏది వెళ్తుందో మాకూ తెలియనివ్వరని వేణుమాధవ్‌కు చెప్పి, సంతకం తీసుకుని సీసా ఎక్కించాను.

ఆయన బతికాడు. వార్డుకు మార్చిన రోజు నేను ఇస్త్రీ చీర కట్టుకుని మరీ వెళ్లాను.

"నేను గోపాలకృష్ణ బిడ్డను, గోదాను. దవాఖానకు పోకుండ మా నాయినను మీరు ఆపిన్రు. నేను మిమ్మల్ని ఆపలే. మందు ఎక్కించి బతికించిన."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మావోడు చెప్పిండు. మందో, ఉప్పునీళ్లో నీకే ఎరుక లేదంట గద?"

నేనే చెప్పిన మాట, కోపంలో నేనే మరిచిపోయాను.

"లేదు" అన్నాను.

"మరింకేంది బిడ్డా? బతికించింది స్వామి."

ఒళ్లు మండిపోయింది. "గట్లయితే మా నాయినను చంపింది గూడ స్వామేనా?"

తల దించుకుంటాడనుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని దండం పెట్టాడు.

"అంతా ఆయన లీలే గద తల్లీ."

ఎంత ప్రశాంతంగా ఉందో ఆ ముఖం! పీక నొక్కేయాలనిపించింది. కేసు షీటు తీసుకుని, కిడ్నీలు పూర్తిగా కోలుకున్నాయని రాసి సంతకం పెట్టాను.