కాలని మేకులు

మేకు దిగినా సెల్ మండలేదు.

ఇసుక బస్తాల వెనక నేనూ, మా బృంద నాయకుడు కురమోచీ ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. అంతవరకూ భద్రత పరీక్ష కోసం మేము మేకు దింపిన ప్రతి లిథియం బ్యాటరీ సెల్ భగ్గుమంది. ఇది మాత్రం కాస్త వెచ్చబడి, నెమ్మదిగా చల్లారిపోయింది.

“ఇది మనం చేసింది కాదు,” అన్నాడు కురమోచి. రేపు డైరెక్టర్లు వస్తున్నారు. సెల్‌లు మారిపోయాయని తెలిస్తే మా ఫలితాలను ఎవరూ నమ్మరు. విభాగం మూతపడుతుంది.

కోసి చూశాం. వెండిలా మెరవాల్సిన లిథియం రేకు లేదు. దాని చోట నల్లటి పూత ఉంది.

“కార్బన్! నగుమో, నువ్వేనా?”

“నాకంత ధైర్యమే ఉంటే సెలవు అడిగేదాన్ని కదా సార్!”

ఆయన నవ్వలేదు. విసవిసా ల్యాబ్ గదిలోకి నడిచాడు. నేనూ వెనకే వెళ్లాను.

ఆ రోజు ఫిబ్రవరి ఎనిమిది. కుట్టుపనివాళ్లు అరిగిన సూదులను మెత్తని టోఫులో, అంటే సోయా పాల పన్నీరులో, గుచ్చి, చేసిన సేవకు దణ్ణం పెట్టుకునే రోజు. మాకు సూదులు లేవు గనక మేకులు గుచ్చుతాం. కిటికీ దగ్గర టోఫు పళ్లెం ముందు చేతులు జోడించి నిలబడ్డాడు షినోజుకా. మా ముగ్గురిలో నోరు ఎక్కువున్నవాడు.

“రండి సార్, మీ మంటలకు బలైన వీరులు వీళ్లే!”

కురమోచి వంగి చూశాడు. మేకులన్నీ మాడి నల్లబడ్డాయి. ఒక మూల నాలుగైదు మాత్రం తళతళలాడుతున్నాయి.

“ఇవి కాలలేదేం?”

షినోజుకా జోడించిన చేతులు దించాడు.

“కొత్తవని చెప్పొచ్చుగా,” అని గొణిగాను.

“పని చేయని మేకుని ఇక్కడ గుచ్చకూడదు నగుమో. పని చేసినదాన్ని పారేయకూడదు.” షినోజుకా కురమోచి వైపు తిరిగాడు.

“నేనే మార్చాను సార్. ఆ మెరిసే మేకులు నేను చేసిన సెల్‌లలో దిగినవి, అందుకే కాలలేదు. మసితో ఆటలొద్దని మీరు తిట్టారు, అందుకే చాటుగా చేశాను. రేకు మీదికి లిథియం తిరిగొచ్చిన ప్రతిసారీ సూదుల్లా పెరిగి, మధ్య పొరని చీల్చి అవతలి ధ్రువాన్ని తాకుతోంది. మేకుతో పని లేకుండానే మంట పుడుతోంది. కార్బన్‌తో ఆ గొడవ లేదు. ఛార్జ్ చేస్తే లిథియం అయాన్లు అవతలి ధ్రువంలోని కోబాల్ట్ ఆక్సైడ్ పొరల్లోంచి బయటికొచ్చి, ద్రవం దాటి, కార్బన్ పొరల మధ్య దూరి కూర్చుంటాయి. వాడుకుంటే వెనక్కి పోతాయి. ఎలక్ట్రాన్లు తీగలోంచి వెళ్లి మన దీపం వెలిగిస్తాయి. పొద్దున కవాసాకి స్టేషన్‌లో దిగి, సాయంత్రం ఇళ్లకి పోయే రైలు జనంలాగా సార్! రోజూ వస్తారు, పోతారు, స్టేషన్‌లో ఒక్క ఇటుకా కదలదు. ఎంత అందమో! కళ్లారా చూస్తే తప్ప మీరు నమ్మరని, పొద్దున మీది తీసి నాది పెట్టాను. రేపు వాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పండి. తప్పు నాది. సెల్ మాత్రం మనందరిదీ.”