మిల్లు కూసిన పొద్దున

వంతెన మీద పడి ఉన్న నా భార్య శవాన్ని ఒక సైనికుడు బూటుకాలితో పక్కకు నెట్టాడు. జీపుకు దారి కావాలట. ఆ జీపులో పెద్దన్న కూర్చుని ఉన్నాడు. మా నూలుమిల్లు సంఘానికి అధ్యక్షుడు, మా ఆవిడ చేతి కూడు తిన్నవాడు. ముఖం తిప్పుకున్నాడు.

అంతకుముందు వారం రోజులు ఊరు మాది, మిల్లు మూత. తిరుగుబాటు దళం ఠాణా పట్టుకుని, అక్కడి తుపాకులు మా చేతికిచ్చి, వంతెన మాకు అప్పగించింది. పత్తి బేళ్లు అడ్డంగా పేర్చాం. తూటా బేలులో దిగి అక్కడే చచ్చేది.

"ఇన్నాళ్లకు మన పత్తి మన ఒంటికి అక్కరకొచ్చింది" అని మా ఆవిడ నవ్వేది.

ఎనిమిదో పొద్దున మిల్లు కూసింది.

కూత ఆగితే గేటు మూస్తారు. ఆలస్యమైతే ఆ రోజు కూలి లేదు. తాతల నాటి నుంచి ఆ కూతకే లేచిన ఊరు. తుపాకులు కింద పెట్టి లేచాం. ఎవరూ ఆలోచించలేదు. కొందరు పరుగు కూడా అందుకున్నారు.

"ఆగండ్రా! మూసిన మిల్లుకు పిలిచేదెవడ్రా?" మా ఆవిడ అరుపు.

మేం తిరిగి చూసేసరికి సైన్యం వంతెన దాటుతోంది. బేళ్ల దగ్గర ఆమె ఒక్కతే ఉంది.

కూతకు ఆవిరి పుట్టే బాయిలరు గది తాళం పెద్దన్న దగ్గరే ఉండేది.

సోమవారం మిల్లు తెరిచారు. గేటు పక్కన సైనికులు, మెట్టు మీద పెద్దన్న.

"తమ్ముళ్లూ, ఇంకా చావులు వద్దనే ఆ పని చేశా. పిల్లల మొహం చూసి లోపలికి నడవండి."

"మా వదిన మొహం చూశావా నువ్వు? జీపులోంచి బాగానే కనపడిందా?" గుంపులోంచి ఒక ఆడగొంతు.

కూత మొదలైంది. మళ్లీ మా కాళ్లు కదిలాయి. ఆ కాళ్లను నమ్మలేక కూర్చున్నాం. గేటు ముందు, మట్టిలో, అందరం.

అధికారి తుపాకులు ఎత్తించాడు. ఎవరూ లేవలేదు. బాయిలరు పనివాళ్లు పారలతో బయటికొచ్చి మా పక్కన చతికిలబడ్డారు.

"సంఘం ఆర్డరని చెప్పి ఆ రోజు మాతో కూయించాడు మామా," అన్నాడొకడు, నా వైపు చూడకుండా. "ఇవాళ బొగ్గు వేయడం ఆపేశాం."

కూత సన్నబడింది. గురక పెట్టి ఆగిపోయింది.

"కానివ్వు పెద్దన్నా," అన్నాను. "ఇక నీ నోటితో కూయి."